అమ్మ సాక్ష్యం చెప్పిన శుక్రవారం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ ఎవరినీ కేకేసి పిలిచేవారు కాదు. అమ్మకి పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. ఆవిడని పిలవాలంటే మడమతో నేలమీద గట్టిగా తన్నాలి. ఆ అదురు పాదాలకి తగిలి ఇటు తిరిగేది. మిగతాదంతా చేతులతోనే. మా నాన్న కొబ్బరికాయలు ఒలిచే పనికి వెళ్లేవారు. ఆయనకి మాటొచ్చు, చెవులూ బాగానే పనిచేస్తాయి. కానీ గడప దాటి లోపలికొస్తే ఆయనా చేతులతోనే మాట్లాడేవారు. మా పేర్లు కూడా చేతుల్లోనే ఉండేవి. కాయని గునపానికేసి పొడిచినట్టు చూపిస్తే నాన్న. బుగ్గ మీద చూపుడువేలు గుచ్చితే నేను. నాది సొట్టబుగ్గ.

రాజోలు దగ్గర ఒక ఊళ్లో కాలవగట్టు మీద ఉండేది మా ఇల్లు. అమ్మ పగలంతా అరుగు మీద కూచుని కొబ్బరి ఈనెలు చీరి చీపుళ్లు కట్టేది. చేతుల్లో పని ఉన్నంతసేపూ ఆవిడకి మాట ఉండదు. మాట్లాడాలంటే పని పక్కన పెట్టాలి. అందుకేనేమో, అమ్మ నాతో మాట్లాడినప్పుడల్లా పూర్తిగా నాతోనే ఉండేది.

అలాంటి ఇంట్లోంచి బడికి వెళ్లేసరికి నా నోరు పెగిలేది కాదు. మాటలు తెలియక కాదు. నాన్నతో బయటికెళ్లినప్పుడు విని అన్నీ నేర్చుకున్నాను. కానీ పదిమందిలో నా గొంతు నాకే కొత్తగా, వేరే ఎవరో మాట్లాడుతున్నట్టు ఉండేది. మేష్టారు హాజరు పిలిస్తే చెయ్యెత్తేదాన్ని. పాఠం ఒప్పజెప్పమంటే తల దించుకునేదాన్ని. "మూగదాని కూతురు మూగదే కదరా" అని పిల్లలు అంటే, కాదని చెప్పడానికైనా నోరు తెరవాలిగా, అదీ చేసేదాన్ని కాదు.

నేను నాలుగో తరగతిలో ఉండగా మేష్టారు నాన్నని పిలిపించారు. "పిల్ల తెలివైందేనండి. రాతలో తప్పుండదు. కానీ నోరు విప్పకపోతే పై క్లాసుకి ఎలా పంపమంటారు? ఈ ఏడు చూద్దాం. లేదంటే ఇంటి దగ్గరే ఉంచుకుని వాళ్లమ్మ పని నేర్పించుకోండి" అన్నారు. నాన్న "ఆయ్, అలాగేనండి" అని తలూపి బయటికొచ్చారు. ఆ రాత్రి అన్నం సగం కంచంలోనే వదిలేశారు. అమ్మ ఏమైందని అడిగితే చేత్తో ఏమీలేదన్నారు. చేతులతో కూడా అబద్ధం చెప్పొచ్చని నాకు అప్పుడే తెలిసింది.

మా పాస్టరుగారి భార్యని ఊరంతా అమ్మగారు అనేవాళ్లం. నాన్న ఆవిడ దగ్గరికెళ్లి ఈ సంగతంతా చెప్పుకున్నారని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. అప్పట్లో నేను చూసిందల్లా, అమ్మగారు రెండు మూడు సార్లు మా అరుగు మీదకొచ్చి అమ్మ పక్కన కూచోవడం. ఆవిడా ఈనెలు చీరుతూ, మధ్యమధ్యలో ఏవో సైగలు చేసేవారు. సగం తప్పులే. అమ్మ పకపకా నవ్వి, ఆవిడ వేళ్లు పట్టుకుని సరిచేసేది.

శుక్రవారం మధ్యాహ్నం చర్చిలో స్త్రీల కూడిక జరిగేది. పాట, ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరూ లేచి, తమకి దేవుడు చేసిన మేలు ఏదైనా ఉంటే చెప్పుకోవాలి. దాన్నే సాక్ష్యం చెప్పడం అంటారు. అమ్మ వారం తప్పకుండా వెళ్లేది. చివర్న గుమ్మం పక్కన చాప మీద కూచునేది. అందరూ చప్పట్లు కొడితే తనూ కొట్టేది. అందరూ నవ్వితే వాళ్ల మొహాలు చూసి, ఒక క్షణం ఆలస్యంగా తనూ నవ్వేది. సెలవుల్లో తనతో వెళ్లినప్పుడు ఆ క్షణం ఆలస్యం చూస్తే నాకు గుండెల్లో ముల్లు దిగినట్టుండేది.

ఆ శుక్రవారం బడికి సెలవు. అమ్మతో పాటు నేనూ వెళ్లాను. ఇద్దరు ముగ్గురు మాట్లాడాక అమ్మగారు గుమ్మం వైపు చూసి చెయ్యి చాచారు. అమ్మ లేచి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, అందరి మధ్యనుంచి నడిచి ముందుకెళ్లి నిలబడింది.

అమ్మ మొదలుపెట్టింది. ఇంట్లో మాట్లాడినట్టే, కళ్లూ చేతులూ కలిపి, గబగబా. ముందు వరసలో వాళ్లు కాసేపు చూశారు. తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఒళ్లో చేతుల్ని చూసుకున్నారు. అమ్మ ఆపలేదు. బుగ్గ మీద వేలు గుచ్చి నా పేరు చెప్పడం చూసి నేను తల దించేసుకున్నాను, మిగతాది చూడలేదు. చివరికి ఒక పెద్దావిడ ఉండబట్టలేక, "పాపం, కూచోబెట్టండమ్మా. మనకేం తెలుస్తాది?" అంది.

అమ్మగారు కదల్లేదు. నా వైపు చూడనైనా లేదు. "ఉండండి. ఆవిడింకా చెప్తానే ఉందిగా" అన్నారు అంతే.

అంతమందిలో అమ్మ చెప్పేది తెలిసినదాన్ని నేనొక్కర్తినే. నేను నోరు మూసుకుంటే మూగది అవుతున్నది నేను కాదు, అమ్మ. ఆ సంగతి ఆలోచించి తెలుసుకున్నానని చెప్పలేను. ఆ "పాపం" అన్న మాట నాకు పడలేదు. ఎప్పుడు లేచానో తెలియదు.

"పాపం కాదండి. మా అమ్మ నా గురించి చెప్తోందండి" అన్నాను.

తలలన్నీ ఇటు తిరిగాయి. అమ్మగారు అప్పుడు నన్ను చూసి, "ఇలా రా తల్లీ, ఆవిడ పక్కకి" అన్నారు. వెళ్లాను. "మా అమ్మ ఏమంటోందంటేనండి" అని మొదలెట్టబోతే ఆవిడ ఆపారు. "అలా కాదు. ఆవిడ 'నేను' అంటే నువ్వూ 'నేను' అనే చెప్పు. సాక్ష్యం ఆవిడది గదా."

అమ్మ నన్ను చూసింది. మళ్లీ మొదటినుంచీ, ఈసారి నెమ్మదిగా చెప్పింది. అమ్మ చేతుల వెంట నా గొంతు నడిచింది.

"నాకు బిడ్డ పుడితే, చెవిటిది కదా, పిల్ల ఏడిస్తే ఎలా తెలుస్తుందని అందరూ అన్నారండి. పగలు పరవాలేదు, కళ్లున్నాయి. రాత్రి కళ్లు మూస్తే నాకు ఏదీ తెలీదు. అందుకని పాతచీర అంచు చింపి, ఒక కొస బిడ్డ కాలికి, ఒక కొస నా మణికట్టుకి కట్టుకున్నానండి. పిల్ల ఏడిస్తే కాళ్లు తంతుంది. తంతే నా చెయ్యి లాగుతుంది."

ఇది నాకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. చెప్తూనే వింటున్నాను. ఆ కాలు నాదని అనిపించి నా పాదం వైపు చూసుకున్నాను. అమ్మ ఆగింది. నేను తలెత్తేదాకా చేతులు గాలిలోనే ఉంచి, ఆ తర్వాత కొంటెగా కళ్లు తిప్పి మిగతాది చెప్పింది.

"ఒకరోజు చెయ్యి లాగితే చీకట్లో లేచి, చాలాసేపు జోకొట్టానండి. ఎంతకీ నిద్రపోదే! తడిమి చూస్తే మీసాలు తగిలాయి. పీలిక మా ఆయన కాలికి చుట్టుకుందండి."

చర్చి కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. పెద్దావిడైతే కొంగు నోట్లో కుక్కుకుంది. అమ్మ ఆ మొహాలన్నీ చూస్తోంది. ఈసారి అందరికంటే ముందు నవ్వింది ఆవిడే.

నవ్వులు తగ్గాక చివరి మాట చెప్పింది. "నా కూతురి ఏడుపు ఎలా ఉంటుందో నాకు తెలీదండి. కానీ ఒక్క రాత్రి కూడా దాన్ని ఏడవనివ్వలేదు. దేవుడు చెవులు ఇవ్వకపోయినా, ఆ పని చెయ్యగలిగే చెయ్యి ఇచ్చాడు. అదే నా సాక్ష్యం." 'నా కూతురు' అని నా గొంతుతో నన్నే అనడం ఎంత వింతగా, ఎంత హాయిగా ఉందో ఈనాటికీ మాటల్లో పెట్టలేను.

మర్నాటి నుంచీ గలగలా మాట్లాడేశానని అనను. సోమవారం హాజరు పిలిస్తే "ఉన్నానండి" అన్నాను, అదీ పక్కవాళ్లకి మాత్రమే వినపడేలా. మేష్టారు తలెత్తి, "మళ్లీ అను" అన్నారు. మళ్లీ అన్నాను. నాన్న ఆ సంగతి విని, అరుగు మీదున్న అమ్మకి ఒకటికి రెండుసార్లు చెప్పారు. ఐదో తరగతికి వెళ్లాను. ఆ తర్వాత చాలా క్లాసులు దాటి, నేనూ టీచరునై, ఆ చుట్టుపక్కల బడుల్లోనే పనిచేసి రిటైరయ్యాను. అమ్మ మాత్రం ఆ శుక్రవారం నుంచి ఏ వారమూ సాక్ష్యం మానలేదు. కొన్నాళ్లకి చర్చిలో ఆడవాళ్లందరికీ ఆవిడ సైగలు సగానికి సగం వచ్చేశాయి.

ఆ రోజు ఇంటికొస్తూ కాలవగట్టు మీద జరిగింది మాత్రం చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. అమ్మ నడుస్తూ నడుస్తూ ఆగి, నా భుజం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. అందరూ విన్నారుగా, నా గొంతు ఎలా ఉంది, అని తన గుండె మీద వేలు పెట్టి చూపిస్తూ అడిగింది. ఆవిడ అరచెయ్యి తీసుకుని నా గొంతు మీద పెట్టుకుని, "ఇలా ఉందమ్మా" అన్నాను. ఈనెలు చీరి చీరి గరుకుదేలిన ఆ చెయ్యి కింద నా మాట అదిరింది. అమ్మ కళ్లు మూసుకుంది. తర్వాత తల పంకించి, బావుంది అని చూపించింది.

అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ ఏ మీటింగులోనైనా మాట్లాడమంటే లేచి నిలబడతాను. నీరసంగా, ఎవరికీ వినపడకుండా మాట్లాడి కూచోను. నా ఒక్కదాని గొంతైతే ఎలా మాట్లాడినా చెల్లేది.