పదమూడో నంబరు తీగలు

మా మేనమామకు తాండూరులో మోటారు వైండింగు షాపు ఉంది. చుట్టుపక్కల ఏ బోరు మోటారు కాలినా ఆయన దగ్గరికే వస్తుంది. మాడిన తీగ విప్పేసి, కొత్త రాగి తీగ చుట్టి పంపిస్తాడు. తీగ మందం చెప్పే నంబరును గేజీ అంటారు; లోకంలో ఏది చెడినా ఆ గేజీ తప్పడం వల్లే చెడుతుందని ఆయన గట్టి నమ్మకం. మా బంధువుల్లో ఒక పెళ్ళి సంబంధం తప్పిపోతే కూడా "గేజీ కుదరలే" అని తేల్చేశాడు. అలాంటి మనిషికి గిటారు తీగలు తెమ్మని చెప్పాను. నా బుద్ధి గడ్డి తిన్నది.

చెప్పక తప్పలేదు మరి. నేను వికారాబాదులో ఒక ల్యాబులో రక్తం తీసే పని చేస్తాను. సాయంత్రాలు ఫోను ముందు పెట్టుకుని గిటారు నేర్చుకున్నాను. ఆ ఆదివారం మా చర్చిలో కోత పండుగ. కీబోర్డు వాయించే ఆయన ఏదో పెళ్ళికి పోతున్నాడని, ఈ ఒక్కసారికి నన్ను వాయించమన్నారు పాస్టరుగారు. నేను ఎగిరి గంతేశాను. నా వాయింపు మీద మోజుతో కాదు, అమ్మ కోసం.

అమ్మది బాగా కింది గొంతు. కూలికి పోయిన చేలల్లో ఆమె పాట ఎత్తుకుంటే అవతలి గట్టు మీదివాళ్ళు కూడా పని ఆపేవాళ్ళు. చర్చికి కీబోర్డు వచ్చింది, అన్ని పాటలూ పై శ్రుతికి ఎక్కాయి. అమ్మ ఒకటి రెండు ఆదివారాలు అందుకోబోయి, అందక, దగ్గి ఊరుకుంది. ఆ తర్వాత చర్చిలో పెదవులు కూడా కదపడం మానేసింది. అడిగితే, "ఆ డబ్బా లేనినాడు పాడుత" అనేది. ఇప్పుడు ఆ డబ్బా లేని ఆదివారం వచ్చింది. ఇది తప్పితే మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు.

సరిగ్గా ఆ వారమే గిటారు తీగ పుటుక్కున తెగింది. మిగిలినవీ తుప్పు పట్టి ఉన్నాయి. బజారులో అడిగితే ఒకాయన పతంగి మాంజా చూపించాడు, ఇంకొకాయన బైకు క్లచ్చు తీగ చూపించాడు. ఆన్‌లైన్లో పెడితే పండుగ అయిపోయాక వస్తుందట. మామ రాగి తీగ కోసం హైదరాబాదు పోతున్నాడని తెలిసి ఫోను చేశాను.

"మామా, గిటారుకు పది నంబరు సెట్టు తే. సన్నగుంటయి. సన్నయైతెనే నా వేళ్ళకు నొప్పి గాదు."

"సన్నయి గావాల్నా, పది గావాల్నా?"

"పదే సన్నయి మామా."

మామ జాలిగా, "సరే బిడ్డా, నాకిడిసిపెట్టు. ఫికర్ చెయ్యకు" అన్నాడు. ఆ జాలికి నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

శనివారం సాయంత్రం ఆయన తాండూరు తిరిగిపోతూ వికారాబాదు స్టేషన్లో బండి తలుపు దగ్గర నిలబడి ప్యాకెట్టు నా చేతిలో పెట్టాడు.

"నీ నంబర్ తప్పున్నది బిడ్డా! నేను సరిచేసిన."

"ఏం సరిచేసినవ్ మామా?"

"నంబర్ పెరిగితె తీగ సన్నగైతది. పది అంటె నీ చిటికెనేలంత ఉంటది! ఆ షాపాయనకు గూడ తెల్వదు. జర లొల్లి చేస్తె పదమూడు ఇచ్చిండు. పద్నాలుగు అడిగిన, లేదన్నడు."

బండి కదిలింది. నన్ను పెద్ద గండం నుంచి తప్పించినవాడిలా చెయ్యి ఊపుకుంటూ పోయాడు.

గిటారు తీగలకు లెక్క తలకిందులు. నంబరు పెరిగేకొద్దీ తీగ లావవుతుంది. పదమూడంటే మామూలు వేళ్ళున్నవాళ్ళు జోలికి పోకూడని సరుకు. ఇంటికి పోయి ఫోను చేసి ఆ ముక్కే చెప్పాను, కొంచెం గట్టిగానే.

"నేను షాపులనే కొలిసిన" అన్నాడు మామ. జేబులో పెన్ను లేకపోయినా తీగ మందం కొలిచే మైక్రోమీటరు ఉంటుంది ఆయనకు. "సన్నది నా లెక్కల ఇరవైతొమ్మిది. లావుది పదిహేడు. మరి మీ ల్యాబుల సూదులు? నంబర్ పెరిగితె సన్నగైతయా, లావైతయా?"

సన్నగానే అవుతాయి. లోకమంతా మామ పక్షాన ఉంది, గిటారువాళ్ళు తప్ప.

వేరే దారి లేక అవే ఎక్కించాను. బిగిస్తుంటే గిటారు మెడ వంగి, తీగలు పైకి లేచాయి. నొక్కబోతే సగం పాటకే వేళ్ళ కొనలు చీరుకుపోయాయి. రోజూ జనం వేళ్ళకు సూది గుచ్చుతూ "ఏం కాదు, చీమ కుట్టినట్టుంటది" అని చెప్పేదాన్ని. వాళ్ళందరి ఉసురూ ఆ సాయంత్రమే తగిలింది. ఏదైనా ఉపాయం వెతుకుదామని ఫోను తీస్తే, గాట్లు పడ్డ నా వేలిని అది గుర్తుపట్టనే లేదు. నంబరు కొట్టి తెరవాల్సి వచ్చింది.

ఉపాయమైతే దొరికింది. తీగలన్నీ వదులు చేసి, ఊరికే మీటినా కమ్మగా పలికేలా కట్టుకోవచ్చట. అప్పుడు ఒక్క వేలు ఆరు తీగల మీద అడ్డంగా ఆనిస్తే చాలు. అలాగే కట్టాను, ఆనించాను. తీగలు అణగలేదు. రెండు చేతులతో నొక్కితే అణిగాయి, కానీ అప్పుడు మీటడానికి చెయ్యి లేదు. ఏడుపొచ్చింది. నొప్పికి కాదు. రేపు కూడా అమ్మ నోరు మూసుకుని కూర్చుంటుందని.

"ఏమైంది బిడ్డా?" అంటూ అమ్మ వంటింట్లోంచి వచ్చింది.

"గిటారు మెడ మీది గీ చుక్క కాడ వేలు అడ్డంగ పెట్టి గట్టిగ అదమాలె అమ్మా. నాతోని అయితలేదు."

అమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుని, నేను చూపిన చోట చూపుడువేలు ఆనించింది. "గింతేనా?"

మీటి చూశాను. ఆరు తీగలూ ఖణేల్మని పలికాయి. రేషను షాపులో వేలిముద్ర మిషను ఏనాడూ గుర్తుపట్టని వేలు అది. కొడవలి పట్టీ పట్టీ గీతలన్నీ అరిగిపోయాయి.

"నొప్పి లేదా?"

"దేనికి?" అంది అమ్మ.

మర్నాడు చర్చిలో గుమ్మడికాయలు, జొన్న కంకులు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు అన్నీ ముందు పేర్చి ఉన్నాయి. వాటి పక్కన రెండు ప్లాస్టిక్ కుర్చీల్లో మేమిద్దరం. గిటారు నా ఒళ్ళో, దాని మెడ అమ్మ చేతిలో. నేను కాలు ఒకసారి తొక్కితే మొదటి చుక్క, రెండుసార్లు తొక్కితే రెండో చుక్క అని ఒప్పందం. గిటారు పడిపోకుండా అమ్మ పట్టుకుందనుకుని ఒక పెద్దాయన లేచి వచ్చి, "నువ్విడువమ్మా, నేను పట్టుకుంట" అన్నాడు. ఆయన్ని పంపించేసరికి పాస్టరుగారు ప్రార్థన ఇంకాస్త సాగదీయాల్సి వచ్చింది.

మొదటి మీటుకు ఒక కోడి అరిచింది. ఆ వెనకే అమ్మ గొంతు. వదులు చేసిన లావు తీగలు అమ్మ గొంతు ఉండే చోటికే దిగి ఉన్నాయి. ఆ సంగతి నాకూ అప్పుడే తెలిసింది. అమ్మ ఎక్కడా తడుముకోలేదు, దగ్గలేదు. నేను కాలు తొక్కేలోపే ఆమె వేలు చుక్క నుంచి చుక్కకు పోతోంది. వెనక వరుసలవాళ్ళు మెడలు చాచి చూస్తున్నారు. నా ఎడమచేతికి ఏ పనీ లేదు. కళ్ళు తుడుచుకోవడానికి పనికొచ్చింది.

బయట, గుమ్మడికాయల వేలంపాట దగ్గర, తాండూరు నుంచి పొద్దున్నే వచ్చిన మామ కనబడ్డవాడికల్లా చెబుతున్నాడు. "పోరి తప్పు నంబర్ చెప్పింది. నేనే సరిచేసిన. పద్నాలుగైతె దొరకలే." నాకు ఒళ్ళు మండింది. నాలుగు దులుపుదామని నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది.

"తమ్మీ, ఆ పద్నాలుగు యాడ్నన్న దొరికితె వచ్చే ఐతారం లోపల తే. గివి జర మెత్తగున్నయి."