ఖాళీ జాగాలో ఎవరి ఫోటో?

తొర్రూరులో పెళ్లయినా, చావైనా, గల్లీ లీడరు పుట్టినరోజైనా శ్రీవాణి చేయి పడందే బజారుకెక్కదు. మామగారు సోమేశ్వర్ నడిపే పప్పులు, మిర్చి దుకాణం మీది గదిలో కూర్చుని ఆమె ఫ్లెక్సీలు తయారుచేస్తుంది. ఎవరి ఫోటో ఎంత పెద్దగా ఉండాలో, ఏ ఇద్దరి ముఖాలు పక్కపక్కన పడితే కొట్లాట అవుతుందో ఆమెకు కంఠతా వచ్చు. ఖాళీ జాగా కనిపిస్తే ఇంకో ముఖం ఇరికించాల్సిందే. ఫ్లెక్సీలో ఖాళీ ఉందంటే ఊళ్లో ఎవరో అలిగారన్నమాటే.

అలాంటి మనిషికి వెబ్‌సైటు పని తగిలింది. బచ్చన్నపేట వైపు మెట్ట నేలల మీద పరిశోధన చేసే సంస్థ ఒకటుంది. దాని డైరెక్టరు అహల్య, "మా సైటు ఎట్ల ఉంటే బాగుంటదో ఆలోచించి చూపియ్యమ్మా" అంది. శ్రీవాణి సరేనంది. ఏ ధైర్యంతో అందో తర్వాత ఆమెకే తెలియలేదు.

సోమేశ్వర్ చెడ్డవాడు కాదు, గోదాం చాలని వాడు. "మిర్చి సీజన్ వస్తున్నది బిడ్డా. గీ సైటు పాసయితే గది నీది. లేకుంటే బస్తాలు మీదికెక్కిస్త" అని తేల్చేశాడు. ఆ ఇంట్లో శ్రీవాణి నాది అని చెప్పుకునేది ఆ గది ఒక్కటే.

పెద్ద పెద్ద పరిశోధన సంస్థల సైట్లన్నీ తెరిచి చూసింది. అంతా తెలుపు. మూలన చీమల బారులా అక్షరాలు. వెనక నుంచి సోమేశ్వర్ తొంగిచూసి, "ఎవలు పోయిండ్రు బిడ్డా? శ్రద్ధాంజలి లెక్క ఉన్నది" అన్నాడు.

ఏం చేయాలో తోచక చేతికి అలవాటైనదే చేసింది. నడుమ అహల్య ఫోటో, చుట్టూ గుండ్రటి చట్రాల్లో శాస్త్రవేత్తలు. అహల్య చూసి నోరెళ్లబెట్టింది. "ఫోటోలన్నీ తీసెయ్యమ్మా. నాది ముందు తియ్యి." అన్నీ తీసేసి పంపితే, "గిది మా సంస్థే అని ఎట్ల తెలుస్తది?" అంది. పెడితే పెళ్లి పత్రిక, తీస్తే చావు కార్డు. శ్రీవాణికి పిచ్చెక్కినంత పనైంది.

విసిగి ఫోన్ చేసింది. "మేడం, అసలు గీ సైటు ఎవలు చూడాలె?"

"రైతులే చూడాలె. ఊరూరి మట్టి పరీక్షల ఫలితాలు అండ్ల పెడుతున్నం. ఒక్కరన్న చూస్తలేరు."

ఫోన్ పెట్టి కిటికీలోంచి చూసింది. బస్టాండు ఫ్లెక్సీ ముందు ఎవరో ఇద్దరు ఆగారు. లీడరు ముఖాన్ని వాళ్లు చూడటం లేదు, కింది వరుసలో తమ ముఖాలు వెతుక్కుంటున్నారు. మనిషి బుద్ధే అంత.

శ్రీవాణి మళ్లీ గుండ్రటి చట్రాలే తీసింది. ఈసారి ముఖాలకు బదులు సంస్థ పంపిన మట్టి ఫోటోలు పెట్టింది. ఎర్ర చెల్క, నల్లరేగడి, కింద ఊరి పేరు. నొక్కితే ఆ ఊరి నేల సంగతి. అహల్య చూసి, "కమిటీ ముందు పెడుత" అని ఊరుకుంది. పాసో ఫెయిలో చెప్పలేదు.

అంతలో సోమేశ్వర్ గది కొలవడానికి హమాలీని వెంటబెట్టుకొచ్చాడు. కంప్యూటరు మీద చూపు పడింది. కళ్లజోడు సర్దుకుని పైనుంచి కిందికి, మళ్లీ కిందినుంచి పైకి వెతికాడు.

"నేను పుట్టిన ఊరేది?"

"ఆ ఊరి మట్టి వాళ్ల దగ్గర లేదు మామా."

ఆయన ముఖం మాడిపోయింది. కొలవకుండానే దిగిపోయాడు. కమిటీ సంగతేమో గానీ మామ కూడా అలిగాడు, ఇక గది దక్కదనుకుంది శ్రీవాణి.

మర్నాడు దుకాణం తెరిచే వేళకు ఆయన లేడు. మధ్యాహ్నం బస్సు దిగి, చెప్పుల నిండా దుమ్ముతో నేరుగా మెట్లెక్కి వచ్చాడు. తువ్వాల మూట విప్పి బల్ల మీద పెట్టాడు. ఎర్రమట్టి.

"మంచి వెలుతురుల ఫోటో తియ్యి బిడ్డా."

"మరి బస్తాలు మామా?"

"గవి యాడన్న పడుంటయ్. పక్కూరి కంటె జర పెద్దగ పెట్టు."