డ్రమ్ములో కలపని రంగులు

మా బాపు పెయింటర్. కరీంనగర్‌లో ఎవరి ఇంటికి ఏ రంగు నప్పుతుందో గుమ్మంలో నిలబడే చెప్పగలడు. మా ఇంటి విషయంలో మాత్రం ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. పని పూర్తయిన ఇళ్లలో మిగిలిన రంగులను వాళ్లనడిగి తెచ్చి, పెరట్లో డ్రమ్ములో పోసేవాడు. డ్రమ్ము నిండిన ఏడాది మా ఇంటికి రంగులు. అందులో ఎన్ని రకాలు పోసినా చివరికి వచ్చేది ఒక్కటే, వానకు తడిసిన అట్టపెట్టె రంగు. బాపు దానికి 'బిస్కెట్' అని పేరు పెట్టాడు. అలాంటి బిస్కెట్ వేస్తే కుక్క కూడా ముందు వాసన చూస్తుంది.

ఇరవై రెండేళ్లు ఆ బిస్కెట్‌లోనే బతికాను. డిగ్రీకి చదివింది ఆ గోడలను చూస్తూనే. మార్కులు తగ్గడానికి అదే కారణమంటే ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు.

పోయిన ఎండాకాలం డ్రమ్ము మళ్లీ నిండబోతుంటే అడ్డం పడ్డాను. నా గదిలో ఒక్కో గోడకు ఒక్కో రంగు కావాలన్నాను.

"ఇల్లా, సర్కస్ డేరానా?" అన్నాడు బాపు. "పని మాట్లాడనీకె మనుషులు మనింటికే వస్తరు బిడ్డా. గిది జూస్తే నాకు పనెవ్వలిస్తరు?"

అది నవ్వి కొట్టిపారేసే మాట కాదు. ఆయన పేరు మీదే మా పొయ్యి వెలుగుతుంది.

"మరి గీ బురద జూసి ఇస్తున్నరా?" అన్నాను.

అవ్వ, అంటే మా అమ్మ, బియ్యం చెరుగుతూ తల కూడా ఎత్తలేదు. "ఊరందరి ఇండ్లు మెరుస్తున్నయ్. నా ఇల్లే మసిగుడ్డ లెక్కున్నది. ఏసుకోనియ్యి."

బాపు చాయ్ తాగడానికి బయటికి వెళ్లాడు. మేమిద్దరం ఒక్క మాట మీదుంటే ఆయనకు ఎప్పుడూ చాయ్ గుర్తొస్తుంది.

మర్నాడు ఆయన పనికి పోగానే, డ్రమ్ములో ఇంకా పోయని డబ్బాలు తీసి మొదలుపెట్టాను. వేములవాడ లాడ్జి ఆకుపచ్చ ఒక గోడకు, ఏదో బడి గులాబీ ఇంకో దానికి, పెళ్లింటి పసుపు మూడోదానికి. తలుపున్న గోడకు నీలం వేశాను. అది సగం డబ్బానే ఉండటంతో నడుము దాకా వచ్చి ఆగిపోయింది. పైన బిస్కెట్ అలాగే ఉంది. రెండింటి మధ్య గీత కూడా తాగినవాడు నడిచినట్టు వచ్చింది.

ఆదివారం పని మాట్లాడటానికి ఒక పెద్దమనిషి వచ్చాడు. తెరిచిన తలుపులోంచి నా గదిలోకి చూశాడు.

"గిదేంది? పిల్లగాండ్లు ఆడుకున్నరా?"

బాపు కూడా లోపలికి చూశాడు. "మా బిడ్డ ఏసింది," అన్నాడు. "రంగులు మంచిగనే ఉన్నయ్. మూలలు జర వంకర పోయినయ్, అంతే."

పెద్దమనిషి ఫోన్ చేస్తానని వెళ్లాడు. చేయలేదు.

సాయంత్రం బాపు నా గదికి వస్తుంటే, డ్రమ్ములోని బిస్కెట్ పూయడానికే వచ్చాడనుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. ఆయన చేతిలో నీలిమందు పట్టించిన దారం, సన్న బ్రష్షు మాత్రమే ఉన్నాయి.

"పట్టు గా కొస," అన్నాడు.

నేను కింద పట్టుకున్నాను, ఆయన పైన లాగి వదిలాడు. దారం గోడకు కొట్టుకున్న చోట నిటారుగా గీత పడింది. మూలలన్నీ అలాగే సాపు చేశాడు. చివరికి తలుపున్న గోడ దగ్గర ఆగాడు.

"దీన్ని గూడ సాపు జేద్దం."

"వద్దు. అది నా గీత."

"నన్ను బద్నాం జేస్తవ్."

"ఎవలన్న అడిగితే నా పేరే జెప్పు బాపు."

దారం చుట్టుకుని వెళ్లిపోయాడు. ఇప్పుడు పని మాట్లాడటానికి ఎవరొచ్చినా, నా గది తలుపు వేయమని దూరం నుంచే సైగ చేస్తాడు.

నేను వేయను. గాలి రావాలి కదా.