నీళ్లు తాగే తారు

పాతికేళ్లుగా మేస్త్రి వేసిన రోడ్లన్నీ నీటికి పగవాళ్లే. చుక్క లోపలికి దిగితే గుంట, గుంట పడితే తిట్లు. అలాంటి మనిషిని పట్టుకుని, కొత్తగా కడుతున్న ఆఫీసు భవనం దగ్గర ఇంజనీరమ్మ, "ఈసారి నీళ్లు కిందికి దిగిపోయే తారు వెయ్యాలి మేస్త్రీ" అంది. ఆయనకు ముందు నవ్వొచ్చింది. తర్వాత, పాపం ఈ పిల్లకి ఎండదెబ్బ తగిలిందేమోనని అనుమానమొచ్చింది.

కానీ ఆవిడ చెప్పింది ఒట్టి మాట కాదు. కార్లు నిలబెట్టుకోవడానికి వదిలిన ఎకరం నేల అది. అడుగున మోకాలి లోతు కంకర, దాని మీద ఇసుక కలపని తారు. ఇసుక లేకపోతే రాయికీ రాయికీ మధ్య సందులుంటాయి. వాన ఆ సందుల్లోంచి కంకరలోకి, అక్కణ్ణుంచి భూమిలోకి ఇంకిపోతుంది, మురిక్కాలవలో పడదు. భూమికి మేలు చేసే భవనమని దీనికి బిరుదు కూడా ఇస్తారట.

బిరుదు సంగతి మేస్త్రి చెవికెక్కలేదు. మురిక్కాలవ మాట ఎక్కింది. ఆ కాలవ పొంగేది ఆయన వీధిలోనే మరి. ఈ భవనం కోసం నేలంతా చదును చేసినప్పటి నుంచీ రెండు వానాకాలాలు వరసగా ఆయనింట్లోకీ, పక్క వాటాలో ఒంటరిగా ఉండే అక్క ఇంట్లోకీ నీళ్లొచ్చాయి.

అందుకే ఆ తారును సొంతింటి గచ్చు వేసుకున్నంత శ్రద్ధగా వేశాడు. రోలరువాడు ఇంకోసారి తొక్కబోతే, "చాలు నాయనా, దాని పీక నొక్కేస్తావా ఏంటి?" అని కిందికి దించేశాడు. చల్లారాక ఒక బిందెడు నీళ్లు గుమ్మరించి చూశాడు. పారలేదు, నిలవలేదు, ఇంకిపోయాయి. రెండో బిందె కూడా అంతే.

ఆ సాయంత్రమే అక్క దగ్గరికి వెళ్లాడు. ఆవిడది కుట్టుపని. వానాకాలం వస్తే మిషను అటకెక్కుతుంది, దాంతోపాటు సంపాదనా అటకెక్కుతుంది.

"అక్కా, ఈ ఏడు నీళ్లు రావు. కావాలంటే రాసిస్తాను."

"నిజంగానా? అయితే మిషను కిందే ఉంచుకోనా? స్కూలు బట్టలు ఒప్పుకోమంటున్నారురా, నలభై జతలు."

"ఒప్పుకో. నాది పూచీ."

బిరుదు ఇచ్చేవాళ్లు వారంలో వస్తారనగా ఆఫీసు మేనేజరు వచ్చి తారును చూసి మొహం చిట్లించాడు. "ఏంటిది, మొటిమల మొహంలా? పైన ఒక పూత కొట్టించండి. ఫొటోల్లో నల్లగా నిగనిగలాడాలి."

మేస్త్రి చేతిలో పార పక్కన పెట్టి ముందుకొచ్చాడు. "అయ్యా, పూత వేస్తే సందులు పూడిపోతాయండి. చుక్క దిగదండి."

మేనేజరుకి ఆ మాట వినపడలేదు. కొందరికి చొక్కాకి తారంటినవాళ్ల మాటలు వినపడవు. ఇంజనీరమ్మ మాత్రం మూడు పేజీల ఉత్తరం రాసింది. పైనుంచి వచ్చిన జవాబు ఒక్క ముక్క, 'కానివ్వండి' అని.

"చెప్పాల్సిందంతా చెప్పాను మేస్త్రీ," అంది ఆవిడ తలెత్తకుండా. "మీరు వెయ్యనంటే వేరే ముఠాని తెస్తారు."

అదీ నిజమే. పైన పటారం, లోన లొటారం అంటారు. ఇక్కడ లోపలున్నది బంగారంలాంటి పని. దాన్ని చంపి మరీ పైన పటారం చేస్తున్నారు. మేస్త్రి ఇంటికి పోదామనుకున్నాడు. పోతే తన కిందున్న పదిమందికీ మర్నాటి నుంచి పనుండదు. కక్కలేక మింగలేక, చివరికి ఆయనే పూత పరిచాడు. ఎంత ఏడుస్తూ చేసినా పాతికేళ్ల చెయ్యి కదా, ఒక్క గీత కూడా పడలేదు. వచ్చినవాళ్లు అద్దంలా ఉందని మెచ్చుకుని, బిరుదు ఇచ్చి వెళ్లారు.

అక్కకు చెప్పెయ్యాలని ఆ రాత్రే వెళ్లాడు. ఆవిడ మిషను ఆపి, "ఇరవై జతలయ్యాయిరా" అని నవ్వింది. ఆ నవ్వు చూసి ఆయన కుట్టిన జతలు మడతపెట్టి లేచాడు. రేపు చెబుదాంలే అనుకున్నాడు. మనం మాట దాచుకున్నామని వాన ఆగుతుందా? మర్నాడు ఆయన ఊరవతల పనిలో ఉండగా కుండపోతగా కురిసింది.

పడుతూ లేస్తూ వచ్చేసరికి అక్క ఇంట్లో మోకాలి లోతు నీళ్లు. ఆవిడ మంచం మీద నిలబడి, చేతికందిన నాలుగు జతలూ గుండెలకు హత్తుకుంది. మిగతావి నీళ్లలో తేలుతున్నాయి. మిషను మోటారు పూర్తిగా మునిగిపోయింది. ఇద్దరూ చెరో పక్క పట్టి దాన్ని మంచం మీదికి ఎక్కించారు.

పక్కింటావిడ చీర ఎగ్గట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఏం మేస్త్రిగారూ, మీ రోడ్డు నీళ్లు తాగుతుందన్నారు?"

నిజం చెప్పడానికి మేస్త్రి నోరు తెరిచాడు. అక్క ముందే అందుకుంది.

"వాన అలా పడింది వదినా! మా తమ్ముడు వేసిన రోడ్డుకి వంక పెట్టకు. పాపం అది మాత్రం ఎంతని తాగుతుంది?" అని, ఆయన వైపు తిరిగింది. "అంతేకదరా?"

"అంతే అక్కా," అన్నాడు మేస్త్రి, మిషను వంచి నీళ్లు పారబోస్తూ.