ఎవరి కాలు

మా బావ కారు మీరు ఎప్పుడూ ఎక్కలేదు కాబట్టి అదృష్టవంతులు. అది డ్రైవింగ్ స్కూలు కారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కొత్తగా నేర్చుకునేవాళ్ళు వంతులవారీగా వచ్చి, భయంతో చెమటలు కక్కుతూ స్టీరింగు పట్టుకుంటారు. ఆ చెమటంతా స్టీరింగు తొడుగుకి పట్టి, వేలు పెడితే జిగురులా అంటుకుంటుంది. తలుపు అరలో మా బావ పళ్ళు కుట్టుకుని పడేసిన పుల్లలు, సీటు సందుల్లో బిస్కెట్ పొడి, కింద ఎవరిదో ఒంటి మేజోడు. నేను కార్ల ఎలక్ట్రీషియన్ని. కంపు కొట్టే కార్లలో తల దూర్చడమే నా బతుకు. అయినా ఆ కారు షెడ్డు ముందు ఆగిందంటే ముక్కుకి గుడ్డ కట్టుకునేవాణ్ణి.

కారునైనా కడగొచ్చు, మా బావ నోటిని కడగలేం. మా అక్క మొగుడు కాబట్టి ఇన్నాళ్ళూ భరించాను. ఊరంతా ఆయన్ని మాస్టారు అంటుంది. ఇక్కడ బండి నడిపేవాళ్ళలో సగం మంది ఆయన తిట్లు తిన్నవాళ్ళే. అరవడు, నవ్వుతూ తిడతాడు. అది ఇంకా రోత. నీ కాళ్ళు నడవడానికే పనికొస్తాయి, నడుచుకుంటూ ఇంటికి పొమ్మంటాడు. నేర్పేవాడి సీటు ముందు కూడా ఒక బ్రేకు పెడలు ఉంటుంది, డ్రైవరు పెడలుకి కడ్డీతో కలిపి. ఇటు తొక్కితే అటూ దిగుతుంది. దాని మీద కాలు పెట్టే అవసరం తనకి రానే రాదనీ, నోటితోనే బండి ఆపిస్తాననీ చెప్పుకునేవాడు. ఆయన పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు.

అలాంటి మనిషికి మోకాళ్ళు అరిగిపోయి, స్కూలు కూతురికి అప్పగించాల్సిన రోజు వచ్చింది. నా మేనకోడలు నేర్పేవాళ్ళకిచ్చే లైసెన్సు తెచ్చుకుంది. హైవే మీద నడపడం కూడా నేర్పాలని, క్రూజ్ కంట్రోల్ ఉన్న ఈ కారు పట్టుబట్టి కొనిపించింది కూడా అదే. కొన్న ఏడాదికే మా బావ దాన్ని ఆ గతి పట్టించాడు. క్రూజ్ అంటే పెద్ద విద్యేమీ కాదు. వేగం కుదిరాక బటన్ నొక్కితే, కాలు తీసేసినా బండి అదే వేగంతో పోతుంది. బ్రేకు పెడలు కాస్త కదిలిందంటే మాత్రం వెంటనే వదిలేస్తుంది.

మా బావ ఒక షరతు పెట్టాడు. తను పక్క సీట్లో కూర్చుంటాడట, ఆ పిల్ల హైవే మీద క్రూజ్ పెట్టి నది వంతెన దాకా వెళ్ళి ఒక్క తప్పు లేకుండా తిరిగి రావాలట. ఎన్నిసార్లు తిరిగినా అది చేతకాకపోతే స్కూలు బస్టాండు దగ్గరి పోటీవాడికి పోతుంది. వాడు చాలాకాలంగా అడుగుతున్నాడు కూడా. పరాయివాళ్ళ పిల్లకైనా అలాంటి పరీక్ష పెట్టరు.

వెళ్ళిన ప్రతిసారీ దారి మధ్యలో క్రూజ్ ఆగిపోయేది. నువ్వు బ్రేకు తొక్కావని ఆయన, తొక్కలేదని ఆ పిల్ల. తొక్కకపోతే ఎందుకు ఆగుతుందని ఆయన. చివరికి ఇద్దరూ కారు తెచ్చి నా నెత్తిన పడేశారు.

కంప్యూటరు తగిలించి చూశాను. లోపం ఏమీ చూపించలేదు. పెడలు కదిలిందని క్రూజ్‌కి కబురు పంపే బ్రేకు లైటు స్విచ్చి అరిగితే ఇలా అవుతుందని కొత్తది వేశాను. స్టీరింగు మీది బటన్లు విప్పితే లోపల నల్లటి మకిలి, గీకితే ముద్దగా గోళ్ళలోకి వచ్చింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు. చక్రాల దగ్గరి సెన్సర్లు తుడిచాను, వైర్లన్నీ లాగి చూశాను. తర్వాత నేనొక్కణ్ణే వంతెన దాకా నడిపాను. ఎక్కడా ఆగలేదు. మళ్ళీ వాళ్ళిద్దరూ వెళ్తే ఆగిపోయింది. నా తల ప్రాణం తోకకి వచ్చింది.

మా బావకి ఇంకేం కావాలి? షెడ్డులో పనివాళ్ళందరి ముందూ నవ్వుతూ అన్నాడు.

"నువ్వు నడిపితే ఆగదు, అది నడిపితే ఆగుతుంది. రోగం బండికి కాదురా, దాని కాలికి."

నా మేనకోడలు తల వంచుకుని నిలబడింది. మామూలుగా ఒకటంటే పది అనే పిల్ల.

మర్నాడు మధ్యాహ్నం ఒక్కతే వచ్చింది. పాత టైరు మీద కూర్చుని చాలాసేపు తన కాలి వంకే చూసుకుంది.

"మామయ్యా, మనకి తెలియకుండా మన కాలు తొక్కేస్తుందా?"

అలా ఎందుకు అవుతుందన్నాను. తనకి రోజూ అదే అనుమానమట. నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చున్నా కాలు పెడలుకి తగలకుండా వెనక్కి లాక్కుంటోందట. తన కాలే తన మాట వినకపోతే రేపు ఎవరి ప్రాణం మీదికైనా తెస్తుంది కాబట్టి, స్కూలు ఆ పోటీవాడికే ఇచ్చెయ్యమని తండ్రితో చెప్పేస్తుందట. బంగారం లాంటి డ్రైవరు. నా కళ్ళ ముందే పెరిగింది. దాని కాలి మీద దానికే నమ్మకం లేకుండా చేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"రేపు మీతో నేనూ వస్తాను. ఆ తర్వాత నీ ఇష్టం," అన్నాను.

వైరు ఒకటి చూడాలని మా బావకి అబద్ధం చెప్పి వెనక సీట్లో ఎక్కాను. హైవే ఎక్కాక ఆ పిల్ల వేగం కుదిర్చి బటన్ నొక్కింది. నేను ముందు సీట్ల మధ్య తల దూర్చి, టార్చి వేసి దాని కాలు చూస్తూ కూర్చున్నాను. కాలు పెడళ్ళకి దూరంగా, నేల మీద ఆనించి పెట్టుకుంది. మా బావ మేజోళ్ళ వాసన నా ముక్కు పక్కనే. నోటితో ఊపిరి పీలుస్తూ చూస్తున్నాను. ముందు ఒక లారీ కనిపించింది. ఇంకా చాలా దూరంలో ఉంది. అప్పుడు బ్రేకు పెడలు, మీద ఏ కాలూ లేకుండానే, గోరంత కిందికి దిగింది. క్రూజ్ వదిలేసింది.

"చూశావా, తొక్కింది," అన్నాడు మా బావ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

నేను టార్చి ఇటు తిప్పాను. ఆయన బూటు తన వైపు పెడలు మీద ఉంది. మడమ నేల మీదే, మునివేళ్ళు మాత్రం ఆనుతున్నాయి. నేను చూస్తుండగానే పైకి లేచాయి. ఆయనకి ఆ సంగతే తెలియదు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడి, ఇంకా శకునాలు చెబుతూనే ఉంది.

"బావా, నీ కాలు ఎక్కడుందో చూసుకో," అన్నాను.

చూసుకున్నాడు. వెంటనే ఒప్పుకుంటే మా బావ ఎలా అవుతాడు? తను తొక్కితే బండి ఆగిపోదా అన్నాడు. గోరంతకి బ్రేకు పట్టదు గానీ స్విచ్చికి ఆ గోరంత చాలు అన్నాను. అయితే కడ్డీ వదులైందన్నాడు, బిగించడం నాకు చేతకాలేదన్నాడు. ఎదురుగా కనిపిస్తున్నా ఒప్పుకోని ఆ ముఖం చూస్తే నాకు అసహ్యం వేసింది. ఆ మాట ముఖం మీదే అన్నాను.

నా మేనకోడలు ఇండికేటరు వేసింది. కారు పక్కకి తీసి ఆపింది. దిగి చుట్టూ తిరిగి వచ్చి తండ్రి వైపు తలుపు తెరిచింది.

"నాన్నా, వెనక్కి వెళ్ళి కూర్చో."

ఆయన నా పక్కకి వచ్చి కూర్చున్నాడు. ముందు సీటు ఖాళీ. మళ్ళీ బటన్ నొక్కింది. లారీలు దాటాం, బస్సులు దాటాం, వంతెన దాకా వెళ్ళి వెనక్కి తిరిగాం. క్రూజ్ ఒక్కసారి కూడా ఆగలేదు. అద్దంలో ఆ పిల్ల ముఖం తేటపడింది. నా పక్కన మా బావ కాలు మాత్రం ప్రతి లారీకీ చాపని నొక్కుతూనే ఉంది. ఇప్పుడు ఆయన కూడా దాన్నే చూస్తున్నాడు. ఊరి దగ్గరికి వచ్చాక నాకు మాత్రమే వినపడేలా అన్నాడు.

"మీ అక్క కూడా తొక్కలేదనే అనేదిరా."

ఆ మాట అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది. పెళ్ళైన కొత్తలో అక్క అప్పటి స్కూలు కారులో డ్రైవింగ్ నేర్చుకోబోయి మానేసింది. బండి మాటిమాటికీ నీరసపడి ఆగిపోయేదట. నాకు చేతకాదురా అని తనే చెప్పింది, ఇంటిల్లిపాదీ నమ్మాం. అప్పుడూ పక్క సీట్లో ఉన్నది ఈయనే, మోకాళ్ళు అరగని రోజులు కాబట్టి గట్టిగానే తొక్కి ఉంటాడు. ఇంకెంతమందిని నడిచి ఇంటికి పొమ్మన్నాడో. నాకు ఆయన పక్కన కూర్చోవాలనిపించలేదు. వీలైనంత దూరం జరిగాను.

ఇంటికి వచ్చేసరికి అక్క వంటింట్లో చపాతీ పిండి కలుపుతోంది. మా బావ గుమ్మం దగ్గరే ఆగాడు. స్కూలు కూతురికే ఇస్తున్నానన్నాడు. అది చెప్పడానికైతే అక్కడ నిలబడక్కర్లేదు. నిలబడే ఉన్నాడు.

"అప్పట్లో నువ్వు తొక్కలేదు. తొక్కింది నేను," అన్నాడు.

ఏ అప్పుడో అక్క అడగలేదు. పిండిలోంచి చేతులు తీసి తన కాలి వంక చూసుకుంది.

"అయితే నా కాలు మంచిదేనన్నమాట," అంది.