ఒక్క ఆకు కోసం బంతినే లేపేసే డ్రైవర్

జూన్ నెల, రెండో ఆదివారం. శ్రీకాకుళంలో మా బావమరిది ఫోటో స్టూడియో. ఉన్నవాళ్లు: నేను, నా భార్య, ఆమె తమ్ముడు. బల్ల మీద ఒక హార్డ్ డిస్కు.

ఆ డిస్కులో ఒక పెళ్లి వీడియో ఉంది. పెళ్లయి నెల తిరక్కుండానే పెళ్లికూతురి తండ్రి పోయాడు. ఆయన నడుస్తూ, మాట్లాడుతూ కనబడే వీడియో మరెక్కడా లేదు. ఆ అమ్మాయి మర్నాడు పొద్దున్న దానికోసమే వస్తోంది. మావాడు రెండో కాపీ తీసిపెట్టుకోలేదు. నా కోపం అక్కడే మొదలైంది.

"డిస్కు సచ్చిపోనాది బావా. విజయనగరంలో సూపించినాను. ఆళ్లూ అదే మాట," అన్నాడు.

చావలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను డిస్కు డ్రైవర్లు రాసినవాణ్ణి. డ్రైవర్ అంటే కంప్యూటర్ అడిగినదాన్ని డిస్కు నుంచి తెచ్చిపెట్టే ప్రోగ్రామ్. నా లాప్‌టాప్‌లో ఉన్నది ఎవరైనా కోడ్ చదివి మార్చుకోగల ఆపరేటింగ్ సిస్టమ్. డిస్కును దానికి తగిలించి, డ్రైవర్ తను చేసే ప్రతి పనినీ రాసుకునే లాగ్ చూశాను. డిస్కు చక్కగానే చదువుతోంది. ఒకచోట మాత్రం చెడింది. అక్కడికి రాగానే డ్రైవర్ అదే ముక్కను పదే పదే అడుగుతుంది, డిస్కును రీసెట్ చేస్తుంది, మళ్లీ అడుగుతుంది, చివరికి అసలు డిస్కే లేదని తేల్చేస్తుంది.

ఒళ్లు మండిపోయింది.

"ఏటైనాది బావా?"

"బంతిలో ఒక ఆకుకి పప్పు అందలేదనుకో. వడ్డించేవాడు బంతి మొత్తాన్ని లేపేసి పందిరి పీకేస్తే ఏటి సేస్తావు?"

"తంతాను."

"ఈ కోడ్ రాసినోణ్ణీ అదే సెయ్యాలి."

"నీలాటోడే కదేటి రాసింది!"

నా భార్య పగలబడి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

కోడ్ తెరిచాను. డిస్కు ఇంకా పలుకుతున్నంతసేపూ దాన్ని రీసెట్ చేయకూడదు. కొన్నిసార్లు అడిగి, ఆ ముక్క రాలేదని చెప్పి, తర్వాతి ముక్కకు పోవాలి. మార్చినది ఇంతే. ఇంత చిన్న పని ఇన్నేళ్లూ ఎవరికీ పట్టకపోవడమే నాకు మింగుడు పడదు. వస్తువు మీద నింద వేసి చేతులు దులుపుకోవడం సులువు. పాతది పారేసి కొత్తది కొనుక్కోమంటారు. అందులో ఉన్నది ఏ కొట్లో అమ్ముతారు?

కాపీ చేసే ప్రోగ్రామ్‌కు కూడా, రాని ముక్కను ఖాళీగా వదిలి ముందుకు పొమ్మని చెప్పాను. పొద్దుగూకేసరికి వీడియో నా లాప్‌టాప్‌లోకి చేరింది. కోడ్ మార్పును, కాస్త ఘాటైన ఉత్తరం జతచేసి, ఆ డ్రైవర్ చూసుకునేవాళ్లకు పంపాను.

మర్నాడు పొద్దున్న ఆ అమ్మాయి వచ్చింది. వీడియో ఒకచోట గళ్లు గళ్లుగా చెదిరి, మళ్లీ సర్దుకుంది. ఆ వెంటనే తండ్రి కనబడ్డాడు. కెమెరాకు చెయ్యి అడ్డం పెడుతూ, "ఒరే, నన్నేటి తీస్తన్నావు? పిల్లని తియ్యరా!" అంటున్నాడు.

"ఇంకోపాలి ఎయ్యి మావా," అంది ఆ అమ్మాయి మా బావమరిదితో. వేశాడు. మళ్లీ అడిగింది. మళ్లీ వేశాడు.

కాపీ తీసుకుని ఆమె వెళ్లిపోయింది. సాగనంపి నేను లోపలికి వచ్చేసరికి, మా బావమరిది అదే డిస్కులోకి బొబ్బిలిలో తీసిన మరో పెళ్లి వీడియో ఎక్కిస్తున్నాడు.

"ఇదేట్రా?"

"బాగైపోనాది కదా బావా!"

కాపీ ఆపి, వైరు ఊడదీసి, డిస్కును నా సంచిలో వేసుకున్నాను.