సముద్రపు పల్లేరు, మా అక్క మాత్రలు

మా బంధువుల్లో ఎవరిని అడిగినా ఒకటే చెబుతారు: ఎమ్మిగనూరులోని మా అక్క మొండిది, బీపీ మాత్రలు తనంతట తనే మానేసి కిడ్నీలు పాడుచేసుకుంది. అబద్ధం. మాన్పించింది నేను.

ఆదోనిలో మార్కెట్ దారిన ఒకాయన తడి గోనెపట్టా మీద ఏనుగు పల్లేరు మొక్కలు పరిచి అమ్ముతుండేవాడు. సముద్రపు ఒడ్డున ఇసుకలో పెరిగిందట. కొమ్మను చెంబెడు నీళ్ళలో గిరగిరా తిప్పితే నీళ్ళు గుడ్డుసొనలా చిక్కబడి తీగలు సాగేవి. "సూడన్నా, నీళ్ళనే ఇట్ల మార్సింది. కడుపులో రాయి దీనికొక లెక్కా?" అనేవాడు. నీళ్ళు జిగురెక్కడానికీ రాయి కరగడానికీ సంబంధమేమిటని అడిగే బుర్ర ఆ గుంపులో ఒక్కరికీ లేదు. అందరికంటే ముందు నిలబడి తలూపింది నేనే, చదువుకున్నవాణ్ణి. సముద్రం మొహం చూడని మాకు అక్కణ్ణుంచి వచ్చిందంటే గడ్డి కూడా సంజీవనే. అదే మొక్క మా బీళ్ళలో మొలిస్తే తొక్కుకుంటూ పోతాం.

అక్కకు కిడ్నీలో రాయి ఉందన్నారు. ఒక మోపు తీసుకుపోయాను.

"బీపీ మాత్తర్లు గూడా ఏసుకోవల్లనా?" అని అడిగింది.

"ఇంగ్లీషు మందు కలిస్తే దీని గుణం పోతాదక్కా, ఆపేయ్."

నాకెవరు చెప్పారు? ఫోనులో ఎవడో పంపిన చెత్త.

పాతకాలం వాళ్ళు మూత్రం మంటకు ఆ జిగురు నీళ్ళు తాగిన మాట నిజమే. ఒకటి రెండు పూటలు తాగి ఆపేవారు. నెలల తరబడి తాగమన్నది నా తెలివి. "కాళ్ళు వాస్తాండాయప్పా" అని ఆమె ఫోన్ చేస్తే, చెడు నీరు కిందికి దిగుతోందని పండితుడిలా సెలవిచ్చాను. ఆ వాపుతోనే ఆస్పత్రిలో చేరింది. ఇప్పుడు డయాలసిస్‌కు కర్నూలు తిరుగుతోంది. ఆకు ఏం చేసిందో డాక్టరు తేల్చి చెప్పలేదు. మాత్రలు ఆపడమే పెద్ద తప్పన్నాడు. అక్క మాత్రం నా పేరు ఎన్నడూ బయటపెట్టలేదు. నేనూ హాయిగా ఊరుకున్నాను.

మొన్న వాళ్ళింట్లో భోజనాల దగ్గర బావ మళ్ళీ అందుకున్నాడు. "ఈమెకు ఎవురు సెప్పినా ఎక్కదు. మొండి గొడ్డు." అందరూ నవ్వారు.

"మాత్తర్లు నిలిపేయమన్నది నేను బావా" అన్నాను, విస్తరిలోకి చూస్తూ.

అక్క నా వైపు తిరిగింది. "తలెత్తి సెప్పప్పా. ఇన్నాళ్ళూ నన్ను ఆడిపోసుకున్నోళ్ళకు ఇనపడాల."

చెప్పాను.

"ఇంగోసారి. ఆ మూల కూసున్నోళ్ళకు అందలేదు."

మళ్ళీ చెప్పాను.